గిన్నెలో పడిన చెనిక్కాయ

మొన్న ధర్మవరంలో మా బడిలో కరెంటు పోయి, యూపీఎస్ కీచుమని అరిచింది. ఆ అరుపు వింటే ఇప్పటికీ నా చెయ్యి వైర్ల మీదికి పోతుంది. వెంటనే సకీనా మేడం గుర్తొస్తారు.

రెండువేల దశకం మొదట్లో హిందూపురంలో ఆమె దగ్గర సహాయకురాలిగా చేరాను. పల్లెల్లో తిరిగి పిల్లల వినికిడి పరీక్షించడం ఆమె పని. పరీక్షకు వాడే పాత లాప్‌టాప్ సొంత బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అందుకని రెండు బరువైన బ్యాటరీలు, ఒక చిన్న ఇన్వర్టర్ సంచిలో వేసుకుని బస్సెక్కేవాళ్లం. వైరు కాస్త కదిలితే చాలు, తెర నల్లబడి అంతవరకూ చేసిందంతా పోయేది. బస్సు గుంతలో పడినప్పుడల్లా సంచిని ఒళ్లోకి లాక్కునేదాన్ని.

ఒకరోజు పెనుకొండ అవతల ఓ పల్లె బడికి, రత్న అనే చిన్నపిల్లను వాళ్ల అవ్వ తీసుకొచ్చింది. ఆ పిల్లకు మాటలు రాలేదు. మేడం పిల్ల చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినిపిస్తే గిన్నెలో ఒక చెనిక్కాయ, అదే వేరుశనక్కాయ, వేయాలని సైగలతో నేర్పారు. శబ్దాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోయాం. పిల్ల వేళ్ల మధ్య చెనిక్కాయ కదల్లేదు.

"దానికేమీ ఇనపడదులే మేడం. ఆ మాటేదో చెప్పేస్తే మేం పోతాం," అంది అవ్వ.

అప్పుడే బల్ల మీది ఇన్వర్టర్ గట్టిగా కూసింది. బ్యాటరీ అయిపోతోంది.

"మేడం, ఆగిపోతాంది!" అంటూ లాప్‌టాప్ మీదికి వంగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఉండు. పిల్లను చూడు."

గిన్నెలో ఒక చెనిక్కాయ ఉంది. ఇన్వర్టర్ మళ్లీ కూసింది. ఇంకొకటి పడింది. అంతలో తెర నల్లబడింది.

"బల్ల అదిరి పిల్లకు తెలిసిందేమో మేడం," అన్నాను.

"అయ్యుండొచ్చు. అదీ చూద్దాం."

ఇన్వర్టర్‌ను నేల మీద పెట్టించి, రెండో బ్యాటరీ తగిలించి, మొదటినుంచి మొదలుపెట్టారు. ఆ బ్యాటరీ కూడా పాతదే. అది నిలుస్తుందో లేదోనని వైరు కదలకుండా పట్టుకుని కూర్చున్నాను. ఇందాక ఆగినచోటు దాటి శబ్దం బాగా పెద్దదయ్యాక చెనిక్కాయ పడింది. మళ్లీ పెడితే మళ్లీ పడింది.

"అవ్వా, చెవులు పూర్తిగా పోలేదు. చెవి మిషను పెట్టి నేర్పిస్తే మాటలొస్తాయి," అన్నారు మేడం.

అవ్వ సంతోషపడలేదు. "అయ్యో, ఇన్నాళ్లూ దాని ముందరే దాన్ని తిడ్తాంటినే... ఇనిందేమో!" అంటూ పిల్లను దగ్గరికి లాక్కుంది.

మేడం ఇప్పుడు లేరు. ధర్మవరం బడిలో పిల్లల్ని నేనే పరీక్షిస్తున్నాను. 'వినపడదు' అని ఒక తల్లికి చెప్పబోయే ముందు ఆ గిన్నె గుర్తొస్తుంది. గుర్తొచ్చిన ప్రతిసారీ, బయట ఎంతమంది ఎదురుచూస్తున్నా, ఇంకొక్కసారి మొదటినుంచి మొదలుపెడతాను.