దేవుని పాతర

మొన్న మా కోడలు అటక మీది డబ్బా దించి మూత తీయగానే ముక్కిన జొన్నల వాసన గుప్పుమంది. "పారేస్తాలే అత్తా, అంగట్లో కొత్తవి దొరుకుతాయి" అంది. వద్దనే ఓపిక కూడా ఈ వయసులో నాకు లేదు. ఆ వాసన మాత్రం నన్ను నందికొట్కూరు దగ్గరి మా ఊరి గుడి వెనక్కి, దేవుని పాతర దగ్గరికి లాక్కుపోయింది.

పాతరంటే రెండు నిలువుల లోతున తవ్వి, లోపల చొప్ప పరిచి, జొన్నలు నింపి, పైన బండ వేసి మట్టితో మెత్తిన గొయ్యి. కళ్లాల రోజుల్లో మేం పిల్లలం తలనిండా పొట్టుతో, ఒళ్లంతా గీరుకుంటూ తిరుగుతుంటే, పెద్దవాళ్లు గింజ ఇల్లు చేరకముందే ఇంటికొక చాటెడు తెచ్చి అందులో పోసేవాళ్లు. సాయిబుల ఇళ్ల నుంచీ వచ్చేవి. వాన ఎగ్గొట్టిన ఏడు ఆ గింజలే మళ్లీ ఇంటింటికీ పంచేవాళ్లు. ఆ రొట్టెకు కాస్త చేదు, కాస్త ముక్కవాసన. ఎర్రకారం అద్దుకుని ప్రసాదమనుకుని తినేవాళ్లం.

పాతర తెరిపించేది మా జేజి, నాయన తల్లి. ముందు తాడుకు కట్టిన దీపం దించేది. లోపల గింజకు గాలి చెడిపోయి ఉంటుంది గనుక దీపం ఠక్కున ఆరిపోయేది. పూటంతా గాలి తగలనిచ్చి, మళ్లీ దించి, దీపం నిలిచాకే మనిషిని దిగనిచ్చేది. ఆరిపోయినప్పుడల్లా అపశకునమేమోనని నాకు ఏడుపొచ్చేది.

యుద్ధం రోజుల్లో జొన్నల ధర ఎక్కింది. అప్పుడే పక్క ఊరి ఆంజనేయస్వామికి వెండి కవచం వచ్చింది. ఇక మా ఊరికి మనశ్శాంతి పోయింది. అంతవరకూ మా స్వామికి సిందూరమే సొగసు. గుడి ధర్మకర్త పాతర గింజలు అమ్మించాడని తెలిసి జేజి గుడిమెట్ల దగ్గరే నిలదీసింది.

"రాతిసామికి చలేస్తాదా ఏమప్పా? పిల్లోళ్ల కూడు అమ్మి తొడుగు చేయిస్తాండారే!"

"సగం అట్లనే ఉండాదిలేవ్వా, భయపడాకు" అన్నాడాయన.

మా స్వామికీ కవచం వచ్చిన రోజు తప్పెట్లు మోగాయి, ఇంటింటా నెయ్యి కారే ఓళిగలు. అబద్ధమెందుకు, ఆ మెరుపు చూసి నేనూ మురిశాను. ఆ వారమే మా అమ్మ వెండి కడియాలు కావాలని నాయన ప్రాణం తీసింది. మెరిసేదేదో ఒకటి కావాలనే యావ ఊళ్లో ప్రతి ఇంటికీ పట్టుకుంది; పాతరలో చాటెడు పోసేవాళ్లే లేకపోయారు.

రెండేళ్లకు వానలు మొహం చాటేశాయి. మా చెల్లెలు గంజి కోసం ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడ్చే శక్తి కూడా లేక గుంజకు ఆనుకుని కూర్చునేది. ఊరంతా పాతర దగ్గర చేరింది. బండ లేపగానే జేజి దీపం దించింది. అది కిందికి, ఇంకా కిందికి పోతూనే ఉంది, ఆరలేదు. నేను చప్పట్లు కొట్టాను.

"జేజీ, దీపం ఆరలేదు! మంచిదే గదా?"

జేజి తాడు వదలకుండానే నేల మీద కూలబడింది.

"గింజ లేదు మే. గింజుంటే ఆరిపోయుండు."

ఆ ఎండాకాలం మా చెల్లెలు దాటలేదు. జబ్బు అన్నారు అందరూ. ఆకలి అంది జేజి.

పోయినేడు ఊరికి పోయాను. ఇప్పుడు గుడి తలుపులకూ వెండి తొడుగే. పాతర పూడ్చి, దాని మీద ప్లాస్టిక్ బొమ్మలూ హారాలూ అమ్మే అంగళ్ల వరస కట్టారు. అక్కడేముండేదో అంగడివాళ్లకు తెలియదు, చెప్పాలని నాకూ అనిపించలేదు. లోపల అఖండదీపం వెలుగుతోంది.

"చూడవ్వా, ఎన్నేండ్లయినా ఒక్కసారి కూడా ఆరలేదు" అన్నాడు పూజారి గర్వంగా.

అందరూ దీపానికి మొక్కుతున్నారు. నా చేతులు లేవలేదు.