మా మేనమామ డాబా మీది కొండముచ్చు

మొఘల్‌పురాలో మా పక్కింటివాళ్ళు కోతులు రాకుండా మేడ మీద కొండముచ్చు బొమ్మ ఫ్లెక్సీ కట్టారు. ఈ పొద్దున చూస్తే ఒక కోతి దాని మీదే కూర్చుని మా పెరుగు గిన్నె నాకుతోంది. కోతికి బుర్ర ఉంది. ఫ్లెక్సీ కట్టినవాళ్ళ సంగతి చెప్పలేను. ఆ నల్లమొహం చూడగానే మా మేనమామ గుర్తొచ్చాడు. పోలిక వల్ల కాదు, ఆ మాట కొండముచ్చుకు అవమానం.

మామకు బేగంబజార్‌లో పప్పుల హోల్‌సేల్ కొట్టు. మంగళవారం మంగళవారం కొట్టు డాబా మీద హనుమంతుడి పేరు చెప్పి కోతులకు అరటిపళ్ళు, బెల్లం, శనగలు పంచేవాడు. కోతులకు వారాలు తెలియవు కదా, బుధవారం కూడా వచ్చి బస్తాలు చింపేవి. పంచడం మానేస్తే సరిపోయేది. అంత తెలివి ఆ వంశంలో లేదు. వాటిని తరమడానికి ఎదిగీ ఎదగని ఆడ కొండముచ్చును ఎవరితోనో తెప్పించి, మెడకు నైలాన్ తాడు వేసి అదే డాబా మీద కట్టేశాడు. మంగళవారం దానికి సింధూరం, హారతి, జీడిపప్పు నైవేద్యం; మిగతా ఆరు రోజులూ ఎండలో కాపలా. దండం పెట్టే చెయ్యీ తాడు లాగే చెయ్యీ ఒకటే.

జువాలజీ చదివినదాన్ని, ఊరుకుంటానా? వెళ్ళినప్పుడల్లా తగువే.

"మామా, అది ఆకులు తిని బతికే అడవి జంతువు. పిల్లను పట్టనీకి తల్లిని చంపుతరు. గిట్ల కట్టేసుడు నేరం."

"నేరమేంది బిడ్డా? వారం వారం మొక్కుతున్న. అడవిల దానికి జీడిపప్పు ఎవడు పెడ్తడు, మీ ప్రొఫెసరా?"

"మెడ చూసినవా? పుండయ్యింది."

"పసుపు పెట్టిన. నువ్వు ఫికర్ చెయ్యకు, చాయ్ తాగు."

తాగేదాన్ని. మామకు నాలుగు మాటలు చెప్పానన్న తృప్తితో ఇంటికొచ్చేదాన్ని. అటవీశాఖకు ఫోన్ చేసి పట్టిస్తే తమ్ముడి పరువు పోతుందని అమ్మ ఏడుస్తుంది కాబట్టి, మూడేళ్ళు అలా వాదిస్తూనే గడిపాను. చివరికి ఒకరోజు తాడు మెడ కండలోకి దిగి కనబడకుండా పోవడం చూసి, మెట్ల మీదే నిలబడి అటవీశాఖకు ఫోన్ చేశాను. సాయంత్రానికి వచ్చి తీసుకెళ్ళారు.

"దేవుణ్ణి సర్కారుకు పట్టిచ్చినవ్ గదనే!" అన్నాడు మామ. ఇప్పటికీ మాటల్లేవు. హాయిగా ఉంది.

నెల తర్వాత జంతువుల పునరావాస కేంద్రానికి వెళ్ళాను. మెడ మానింది. ముందు వేసిన చిగురుకొమ్మలను పక్కకు తోసి, కంచెలోంచి నాకేసి చెయ్యి చాపింది.

"అడవిల ఎప్పుడు వదుల్తరు?" అన్నాను.

"వదిలితే ఆకలితో చస్తది మేడం. ఆకు తినుడే మర్చిపోయింది. ఇగ ఇక్కడ్నే," అన్నాడు పశువుల డాక్టరు. "తెచ్చిన కొత్తల్నే చెప్తే పంపేటోళ్ళం."

మామను తిడదామనే నోరు తెరిచాను. కానీ మెట్ల మీద చేసిన ఆ ఫోన్‌కు పట్టింది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల పని చెయ్యకుండా నేను గడిపేసిన మూడేళ్ళు నావి కావు, దానివి.