నలభై ఒక్క ఇటుకలతో మొదలైన లెక్క

మట్టయ్య పోతూ పోతూ పెళ్లానికి ఒక లెక్క అప్పగించి పోయాడు.

అది 1948 ఎండాకాలం. మిర్యాలగూడ పొలిమేరలోని బట్టీలో అతనూ బుచ్చమ్మా ఇటుకలు కోసేవాళ్లు. పచ్చి ఇటుకలను సమాన వరుసల్లో ఆరబెట్టాలి. వరుసకెన్ని, వరుసలెన్ని అని చూస్తే చాలు, మేస్త్రీ కాటయ్యకు మొత్తం తేలిపోతుంది. అతణ్ణి ఏడిపించడానికే మట్టయ్య సూర్యాపేటలో ఒక పంతులు దగ్గర ఈ లెక్క నేర్చుకొచ్చాడు. నలభై ఒక్క ఇటుకలు పెట్టు. మర్నాడు రెండు కలుపు, ఆ మర్నాడు నాలుగు, తర్వాత ఆరు. ఏ రోజు మొత్తమైనా సమాన వరుసల్లో కుదరదు. కొన్ని మిగిలిపోతాయి.

"ఎవడు నేర్పిండ్రా నీకీ దరిద్రపు లెక్క?" అని కాటయ్య మొత్తుకునేవాడు.

రజాకార్లు తన పేరడిగి పోయిన మర్నాడు మట్టయ్య కోదాడ మీదుగా నిజాం సరిహద్దు దాటాడు. "ఈ లెక్క తప్పదు బుచ్చీ. నేను వచ్చుడు గూడ తప్పదు," అన్నాడు పోయేముందు.

ఆ రోజే ఆమె ఒక మూలన నలభై ఒకటి పెట్టింది. రోజూ కలిపింది. కూడు తిన్నాక చింతగింజలతో వరుసలు మార్చి మార్చి చూసేది. మిగిలితే ఆ పూటకు మనసు నిమ్మళం.

అతను పోయిన నలభయ్యో రోజు ఎనభై కలిపింది. పదహారు వందల ఎనభై ఒకటి. వరుసకు నలభై ఒకటి, నలభై ఒక్క వరుసలు. ఒక్కటీ మిగల్లేదు.

"ఇన్నాళ్లకు కుదిరినయ్!" కాటయ్య నవ్వాడు. "నీ మొగని లెక్క ఖతం."

"ఆయన ఇంత దూరం పెట్టి సూడలే, మేస్త్రీ. అబద్ధమైతే ఆడలే."

కోదాడకు బండి తోలే మరిది వరస మల్సూర్‌ను ఆపింది. "మీ అన్న కనబడితే లెక్క తప్పిందని చెప్పు. వచ్చి సరిజెయ్యమను."

"లెక్క కోసం వస్తడా వదినా?"

"దేనికోసమో ఒకదానికి రానీ."

మర్నాడు ఎనభై రెండు కలిపింది. మళ్లీ నిండు వరుసలే, నలభై ఒకటి చొప్పున ఇంకో రెండు. ఆ పూట కూడు ముట్టలేదు.

ఆ మర్నాడు ఎనభై నాలుగు. ఇంకో రెండు వరుసలు నిండి రెండు ఇటుకలు మిగిలాయి. చింతగింజలు ముందేసుకుని పొద్దుగూకేదాకా అన్ని తీర్లా పేర్చి చూసింది. ఎట్లా పేర్చినా మిగులే.

"ఆ రెండూ తీసెయ్, కాళ్లకు తగుల్తయ్," అన్నాడు కాటయ్య.

"ఉండనీ మేస్త్రీ."

వాటిని ఒకదాని పక్కన ఒకటి చేర్చి, రేపటి ఎనభై ఆరు ఇటుకలకు మట్టి నానబెట్టడానికి వెళ్లింది.