స్పీకరు పెట్టెలో సవతి

మా ఆయన ఒగ్న్యాన్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే: బాగా పాడుతున్న స్పీకర్లను బాగుచేయడం.

తాగుడు లేదు, పేకాట లేదు. రూసె పట్నంలో మా ఆరో అంతస్తు ఇంట్లో నడుమెత్తు స్పీకరు పెట్టెలు రెండు, ఆయనా. వాటి లోపల క్రాసోవర్ అని ఓ పలక ఉంటుంది. లావు స్వరాన్ని పెద్ద స్పీకరుకీ, సన్న స్వరాన్ని చిన్న స్పీకరుకీ, అత్తగారు కూర పంచినట్టు పంచుతుంది. దాని మీది కెపాసిటర్లు పీకడం, కొత్తవి అతకడం, మళ్లీ పీకడం. నా వేలికి సన్నపాటి ఉంగరంతో సరిపెట్టిన మనిషి ఆ పెట్టెల్లోకి వెండి తీగ తెచ్చిన రోజే నాకు సవతి వచ్చిందని తేలిపోయింది.

"కొత్త కెపాసిటర్ రెండువందల గంటలు పాడితేగానీ పక్వానికి రాదే" అనేవాడు.

"నేనొచ్చి ముప్పై రెండేళ్లయింది. నేను పండానా?"

"ష్! ఆవిడ ఊపిరి తీస్తోంది."

ఆవిడంటే రికార్డులోని జానపద గాయని. ఎప్పుడూ అదే పాట. ఆవిడ ఊపిరి తీస్తే ఈయన ఊపిరి బిగబట్టేవాడు. నేను దగ్గితే మాత్రం "కాస్త మెల్లగా" అనేవాడు.

పాట చివర మేకల మెడలో మువ్వలు మోగుతాయట. అక్కడికి రాగానే హాల్లోంచి కేక: "జ్లాత్కా, మువ్వలు వినిపించాయా?"

"లేదు" అనేదాన్ని, పొయ్యి మీద మిరపకాయలు కాలుస్తూ. మొదట్లో నిజంగానే వినిపించలేదు. తరవాత్తరవాత వినిపించసాగాయి. అయినా ఆవిడ మేకలకు నేనెందుకు సాక్ష్యం చెప్పాలి? "లేదు" అనే అనేదాన్ని. ఆయన మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకునేవాడు.

చివరి ఏడాది చెవుల్లో దూది పెట్టుకుని మరీ విన్నాడు.

"అంత అమృతమైతే దూదెందుకయ్యా?"

"చలి" అన్నాడు, జూలైలో. నా సణుగుడు వినలేకేననుకుని వారం రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు.

ఆయన పోయి మార్చికి ఏడాది. సవతిని ఇంకా ఇంట్లో ఉంచుకోవడం దేనికని, ఆయన స్నేహితుడు స్పాస్‌ని పిలిచి పెట్టెలు తీసుకెళ్లమన్నాను. రికార్డు పెట్టగానే స్పాస్ చెవులు మూసుకున్నాడు.

"అమ్మో, వదినా! సూదులు గుచ్చుతున్నట్టుంది. ఎలా భరించారు?"

"సూదులేమిటి? బాగానే ఉందిగా!"

రికార్డు ఆపి, పెట్టె విప్పి చూశాడు. "చిన్న స్పీకరు మరీ చెవులు చీల్చకుండా పగ్గం వేసే రెసిస్టర్లు ఒక్కొక్కటే పీకేశాడు. అంత చెవి ఉన్నవాడు ఇలా చేశాడేంటి?" అంటూ తలెత్తాడు. "వదినా, పొయ్యి మీద కెటిల్ ఈల వేస్తోంది."

"ఏ ఈల?"

స్పాస్ వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చాడు. విప్పిన పెట్టె వంక చూసి, నా వంక చూశాడు.

"ఎప్పుడో నాతో అన్నాడు వదినా. 'జ్లాత్కాకి సన్న స్వరాలు అందడం లేదు. డాక్టరు దగ్గరికి పోదామంటే, నేను ముసలిదాన్నా అని గిన్నె విసిరింది. ఇక పెట్టెల్నే దాని చెవికి దిద్దాలి' అని. నేను తమాషాకనుకున్నాను."

గిన్నె మాట నిజమే. నేను "లేదు" అన్న ప్రతిసారీ ఇంకో పగ్గం విప్పాడన్నమాట. ఆ దూది చలికీ కాదు, నా సణుగుడికీ కాదు. నా అబద్ధానికి.

"పాత రెసిస్టర్లు వేసుకుని తీసుకెళ్తా" అన్నాడు స్పాస్.

"ముట్టుకున్నావంటే చేతులు విరుస్తాను. కూర్చో, చిక్కుడు సూప్ తాగి వెళ్లు."

అతను వెళ్లాక, మొదటిసారి ఆయన కుర్చీలో కూర్చుని పాట పెట్టాను. ఆవిడ ఊపిరి తీసింది. తీసుకోనీ, పాపం. మోత తగ్గించమని పై అంతస్తువాళ్లు, ఇల్లు వేడిచేసే రేడియేటరు గొట్టం మీద గరిటెతో టంగుటంగున కొట్టారు. అదీ శుభ్రంగా వినిపించింది.

ఇంకొంచెం పెంచాను.