ఆగ్నేయ మూలలో రెండో డబ్బా

మా ఆఫీసులో ఎవరి ఇంటర్నెట్ ఆగిపోయినా ముందు నన్నే తలుచుకుంటారు. మేముంటున్న ఈ పరాయి దేశంలో, సైన్స్ పార్క్ అనే ఆఫీసుల పేటలో ఆరంతస్తుల భవనం మాది. అందులో ఏ తీగ వదులైనా, ఏ గదిలో సిగ్నల్ నీరసించినా కనిపెట్టి సరిచేయడం నా ఉద్యోగం. పదకొండేళ్లుగా అదే పని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ మాత్రమే గెలిచాను. ఇంట్లో ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఫ్లాట్‌లో వైఫై డబ్బాలు రెండు. మొదటిది వీధి తలుపు పక్కన, ఫైబర్ తీగ లోపలికి వచ్చే చోట ఉంటుంది. రెండోది పడకగదుల మధ్య నడవాలో, చిన్న అల్మరా మీద. మొదటిది ఇచ్చిన సిగ్నల్‌ని రెండోది అందుకుని లోపలి గదులకు పంచుతుంది. దీన్ని మెష్ అంటారు. పెళ్లి పంక్తిలో మొదటివాడి చేతి గిన్నె రెండోవాడికి అందితేనే చివరి విస్తరికి కూర చేరుతుంది కదా, అదే పద్ధతి. రెండేళ్ల పాటు మా ఇంట్లో చివరి విస్తరికి ఏ లోటూ రాలేదు.

ఆ చివరి విస్తరి నా భార్యది. లోపలి గదిలో కిటికీ పక్కన ఆమె బల్ల. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం మానేసింది. అమ్మాయికి ఇప్పుడు ఎనిమిదేళ్లు. ఈ ఏడాది మొదట్లో మళ్లీ దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టింది. చాలావాటికి జవాబే రాలేదు. చివరికి ఈ ఊళ్లోనే పాయా లేబర్ అనే పేటలోని ఒక కంపెనీ మూడు విడతల ఇంటర్వ్యూకి పిలిచింది, మూడూ వీడియోలోనే. అదొక్కటే పిలిచింది. ఇది పోతే ఇంకొకటి పిలుస్తుందన్న నమ్మకం ఆమెకు లేదు. ఆ మాట నాతో రెండుసార్లు అంది కూడా.

మొదటి విడతలో లైన్ రెండుసార్లు తెగింది. రెండో విడతలో నాలుగుసార్లు. నాలుగోసారి ఆమె ముఖం నోరు సగం తెరిచి తెర మీద అలాగే బిగుసుకుపోయిందట. అవతలివాళ్లు మర్యాదస్థులు కనుక మిగతాది ఫోన్‌లో పూర్తి చేశారు. ఆమె గదిలోంచి బయటికొచ్చింది. వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగింది. మూడోది, ఆఖరిది, పది రోజుల తర్వాత గురువారం మధ్యాహ్నం మూడింటికి.

ఆ పది రోజులూ నేను ఇంట్లో చేసిన వైద్యం అంతా ఇంతా కాదు. ఆఫీసు నుంచి వచ్చి టీ తాగగానే రంగంలోకి దిగేవాణ్ని. రెండు డబ్బాలూ ఆపి మళ్లీ పెట్టాను. వాటి సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించాను. చానెళ్లు మార్చాను. చుట్టుపక్కల ఫ్లాట్ల సిగ్నళ్లన్నీ లెక్కపెట్టి, తప్పు వాళ్లదేనని తేల్చాను. అమ్మాయి ట్యాబ్ లాక్కుని అల్మరాలో పెట్టాను. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి, అవతలున్న పిల్లవాడికి నెట్‌వర్క్ పాఠం చెప్పాను. పాపం అతను శ్రద్ధగా విని, డబ్బా ఒకసారి ఆపి చూశారా సార్ అని అడిగాడు. స్టూలెక్కి గోడ వెంట ఉన్న తీగలన్నీ తడిమాను. నేను స్టూలు ఎక్కినప్పుడల్లా నా భార్య కింద నిలబడి దాన్ని రెండు చేతులతో పట్టుకునేది. ప్రతి చికిత్సా ఒక గంట పనిచేసేది. ఆ గంటలో నేను కాలు మీద కాలేసుకుని కూర్చునేవాణ్ని.

ఇక దాచి లాభం లేదు. జబ్బేమిటో నాకు మొదటి రోజే తెలుసు. దొంగ చేతికే తాళాలిచ్చినట్టు, ఆ విచారణ నా చేతికొచ్చింది.

నాకు మూడేళ్లుగా ప్రమోషన్ రావడం లేదు. నా తర్వాత చేరినవాళ్లు నా పైన కూర్చున్నారు. వాస్తు అంటే నాకు ఎప్పుడూ నవ్వే. ఇక్కడ ఫ్లాట్లన్నీ పెట్టెలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మా నిలువులో ఉన్న ఇళ్లన్నిటికీ వంటిల్లు ఒకే దిక్కు, గుమ్మం ఒకే దిక్కు. వాస్తు నిజమైతే మా నిలువులో అందరికీ ఒకే రోజు ప్రమోషన్ రావాలి కదా అని ఒక గృహప్రవేశంలో భోజనాల దగ్గర అన్నాను. అందరూ నవ్వారు. ఆ తర్వాత నెలలోనే విజయవాడలో ఒక సిద్ధాంతిగారికి వీడియో కాల్ చేశాను. నమ్మకపోవడానికి కూడా కొంత ధైర్యం కావాలి. మూడో ఏడు వచ్చేసరికి నా దగ్గర అది అయిపోయింది.

అది మొదటి ఇంటర్వ్యూకి ముందు మాట. ఆ వేళ నా భార్య మార్కెట్‌కు వెళ్లింది. ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించాను. సిద్ధాంతిగారికి గోడలు పడగొట్టించే అలవాటు ఉంది. ఇక్కడి ఫ్లాట్లు ప్రభుత్వం కట్టినవి, వాళ్ల గోడకు మేకు కొట్టాలన్నా వెనకాముందూ ఆలోచిస్తాం అని చెబితే ఆయన కొంచెం నిరాశపడ్డారు. నడవాలోకి రాగానే మాత్రం ఆగమన్నారు. అక్కడ మిణుకుమిణుకుమంటున్నది ఏమిటని అడిగారు. చెప్పాను.

“అది ఇంటికి నడిబొడ్డు నాయనా, బ్రహ్మస్థానం. అక్కడ నిప్పు పెట్టుకుని కూచుంటే యజమానికి ఎదుగుదల ఎట్టా ఉంటది? కరెంటు వస్తువు అగ్నిదేవుడి సొమ్ము. ఆగ్నేయంలో పెట్టు.”

దిక్కు చూడటానికి మా అమ్మాయి తన ట్యాబ్‌లో దిక్సూచి తెరిచి నా ముందు నడిచింది. వంటింట్లో ఫ్రిజ్ దగ్గరికి రాగానే ఆ ముల్లు గిరగిరా తిరిగింది. ఒక అడుగు వెనక్కి వేస్తే ఆగ్నేయం, ఒక అడుగు ముందుకు వేస్తే దక్షిణం. నా భవిష్యత్తు ఎటుందో చివరికి ఫ్రిజ్జే నిర్ణయించింది. ఫ్రిజ్‌కూ బియ్యం డబ్బాకూ మధ్య ఆ వైఫై డబ్బాను ఇరికించాను. దానికీ మొదటి డబ్బాకూ మధ్య ఇక్కడి ప్రతి కొత్త ఫ్లాట్‌లోనూ ఉండే బాంబు షెల్టర్ గది ఉంది, ఇనుప తలుపు, జానెడు మందం కాంక్రీటు. ఒక పక్క ఫ్రిజ్, ఇంకో పక్క స్టీలు డబ్బా. శత్రువుల బాంబులనే ఆపే గోడ దాటి సిగ్నల్ ఎందుకు రావడం లేదని ఆఫీసులో ఎవడైనా నన్ను అడిగుంటే వాడికి ఆ పూటే క్లాసు పీకేవాణ్ని.

డబ్బా ఎందుకు మార్చారని నా భార్య అడిగితే, కవరేజ్ కోసం అన్నాను. ఆమె నమ్మింది. ఇంట్లో ఆ శాస్త్రం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. రెండో ఇంటర్వ్యూ అయ్యాక మాత్రం, ఒకసారి పాత చోట పెట్టి చూద్దామా అంది. సిగ్నల్ ఎలా ప్రయాణిస్తుందో ఆమెకు పావుగంట చెప్పాను. అందులో సగం నాకే అర్థం కాలేదు. మా ఆఫీసు ప్రమోషన్ల జాబితా వచ్చేది శుక్రవారం, ఆమె ఇంటర్వ్యూకి మర్నాడు. ఆ ఒక్క రోజు కోసం డబ్బాను అక్కడే ఉంచాలన్నది నా ఆశ. రెండూ దక్కుతాయనే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువుగా కూడా ఉంది.

మంగళవారం కింది అంతస్తు ఆంటీ వచ్చారు. హైదరాబాద్ వాళ్లు. ఇక్కడికొచ్చి పాతికేళ్లయింది. నేను స్టూలు మీద ఉండటం చూసి, నా భార్యతో అన్నారు.

“మా ఇంట్ల కూసో బేటీ గురువారం. మాది ఒక్కటే డబ్బా, చెప్పుల స్టాండ్ మీద పడేసినం. ఎన్నడు పోలే.”

నా భార్య సరేనంది. నెట్‌వర్క్ మనిషి భార్య నెట్‌వర్క్ కోసం కిందింటికి వెళ్లడం నాకు తలకొట్టేసినట్టయింది. పరువు పోతున్నందుకు బాధపడ్డాను తప్ప, ఆమె వెళ్లవలసి వస్తున్నందుకు పడలేదు. ఆ తేడా అప్పుడు తెలియలేదు.

బుధవారం సాయంత్రం మళ్లీ స్టూలెక్కాను. ఆమె కింద పట్టుకుంది. అమ్మాయి బల్ల దగ్గర దోసె తింటూ కొంతసేపు మా ఇద్దర్నీ చూసింది. తర్వాత మామూలుగా, స్కూల్లో స్నేహితుల్ని అడిగినట్టే, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో అడిగింది.

“నాన్నా, వై యూ నెవర్ పుట్ బ్యాక్ ద బాక్స్? దట్ కంపాస్ అంకుల్ సే కెనాట్, ఈజ్ ఇట్?”

గుమ్మడికాయల దొంగలా నేను భుజాలు తడుముకోలేదు గానీ, చేతిలోని తీగ మాత్రం జారిపోయింది. కంపాస్ అంకుల్ ఎవరని నా భార్య అడిగింది. అమ్మాయి అన్నీ చెప్పింది. వీడియోలో బొట్టు పెట్టుకున్న తాతగారి సంగతి, ముల్లు గిరగిరా తిరిగిన సంగతి, ప్రమోషన్ సంగతి. పిల్లకు ఒక్క మాట కూడా మరుపు లేదు. నేను స్టూలు మీదే ఉన్నాను. దిగడానికి కూడా మొహం చెల్లలేదు.

నా భార్య స్టూలు పట్టుకునే తలెత్తి నా వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది.

“ఆ మూల గురించి నాకేం బాధ లేదండీ. మీకు ప్రమోషన్ రావాలని నేనూ రోజూ దణ్ణం పెట్టుకుంటా. ముందే చెప్పుంటే ఆ రెండు ఇంటర్వ్యూలూ ఆంటీ వాళ్లింట్లో కూర్చుని ఇచ్చేదాన్ని. మీరు పడిపోతారేమోనని పది రోజుల్నుంచీ ఈ స్టూలు పట్టుకుని నిలబడ్డాను.”

ఆ మాట అని చేతులు తీసేసింది. స్టూలు కదల్లేదు. నేను దిగాను. సిగ్గేసింది, చాలా సిగ్గేసింది. వంటింట్లోకి వెళ్లి డబ్బా తీసి, దాని మీద పేరుకున్న బియ్యప్పిండి దుమ్ము తుడిచి, నడవాలో పాత అల్మరా మీద పెట్టాను. రెండు నిమిషాల పని. లోపలి గదిలో సిగ్నల్ ముందులాగే నిండుగా వచ్చింది. పెట్టేశానని చెబితే, ఆమె ఊఁ అంది.

గురువారం పొద్దున ఆమె నా మాట మీద ఆధారపడలేదు. కింది ఆంటీకి వీడియో కాల్ చేసి అరగంట కబుర్లు చెప్పింది. ఒక్కసారి కూడా తెగలేదు. ఇంట్లోనే కూర్చుంటానని అప్పుడు చెప్పింది, నాకు కాదు, ఆంటీకి. నేను ఆఫీసుకు మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చి, నడవాలో నేల మీద డబ్బా పక్కన కాపలా కూర్చున్నాను. మర్నాటి జాబితాలో నా పేరు లేదు. డబ్బా కదిపినందువల్లే రాలేదన్నారు సిద్ధాంతిగారు. ఆయన వృత్తిలో ఉన్న ఈ సుఖం నా వృత్తిలో లేదు. ఆమెకు మాత్రం ఆ తర్వాత వారంలో ఉద్యోగం వచ్చింది. గురువారం మూడింటికి ఇవేవీ మాకు తెలియవు.

ఆమె చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. అవతలివాళ్ల ప్రశ్నలు నాకు వినపడలేదు, ఆమె జవాబులే తలుపు సందులోంచి వినపడ్డాయి. మొదట పని గురించి చెప్పింది. బాగా చెప్పింది. ఎనిమిదేళ్ల క్రితం ఆఫీసు ఫోన్లలో వినిపించిన గొంతు అది. నేను దాన్ని మరిచిపోయాను. తర్వాత ఏదో ప్రశ్న వచ్చింది. ఇన్నేళ్లు ఉద్యోగం ఎందుకు చేయలేదని అడిగి ఉంటారు. ఇంగ్లీషులోనే, తడుముకోకుండా చెప్పింది. మా ఇంట్లో ఒక్క ఉద్యోగానికే చోటుందని అనుకున్నాను, అంది. అలా అని నాతో ఎవరూ అనలేదు, అంది. కాదని కూడా ఎవరూ అనలేదు, అంది.

లైన్ తెగిపోతే బాగుండునని ఆ ఒక్క క్షణం మనసారా కోరుకున్నాను. తెగలేదు.