పసుపు పెట్టిన కవరు

2024 అక్టోబరు 12, శనివారం, పగలు పదకొండు గంటల యాభై నిమిషాలకు నేను ఉంగరపు వేలు తడి పసుపులో ముంచాను. డబ్లిన్ సూర్యోదయాన్ని బట్టి నేను కట్టిన లెక్కలో రాహుకాలం పదకొండు నలభై ఎనిమిదికి పోతుంది. ఇంకో రెండు నిమిషాలు ఆగాను. ఆ రోజు విజయదశమి. పోస్టాఫీసు ఒంటిగంటకు మూసేస్తారు.

నేను ఐర్లండులో, డబ్లిన్ పక్కనున్న లూకన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలు పెన్సిల్వేనియాలో పుట్టింది. ఏడో ఏట ఇక్కడికి తీసుకొచ్చారు. ఆ ఏడాదే దానికి పద్దెనిమిది నిండాయి, అమెరికా ప్రెసిడెంటు ఎన్నికకు ఆ రాష్ట్రం నుంచి దాని పేరు మీద ఓటు కాగితం వచ్చింది. ఇక్కడ దాన్ని ఇండియా పిల్ల అంటారు, గుంటూరు వెళ్తే ఐర్లండు పిల్ల అంటారు. నువ్వు మాదానివే అని కాగితం పంపింది ఆ రాష్ట్రం ఒక్కటే. వారం రోజులు ఆ కాగితాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నాలు అది తన కాగితాలన్నీ నా దగ్గరకు తెచ్చేది. ఏ ఫారమైనా నేను ఒకసారి చూశాకే బయటికి వెళ్ళాలి, అది మా ఇంటి పద్ధతి. ఓటు కాగితం మాత్రం నాకు చూపించకుండా దాని సంగతి చెప్పింది.

“ఒక్క ఓటు ఎక్కువొస్తే రాష్ట్రం మొత్తం వాళ్ళదేనా?” అన్నాను.

“ఆల్ నైన్‌టీన్, అమ్మమ్మా. రాష్ట్రానికున్న పంతొమ్మిది ఎలక్టోరల్ ఓట్లూ వాళ్ళకే.”

“మరి ఓడినవాళ్ళకి పడ్డవి?”

“జీరో.”

“ఇదేం లెక్కే! ఇలా మార్కులు వేసుంటే మా హెడ్మాస్టరు నన్ను బడి బయట నిలబెట్టేవాడు.”

అది నవ్వింది. “అందుకే కదా, దేర్ ఎవ్రీ వోట్ మ్యాటర్స్.”

ఎవరికి వేస్తున్నావని అడగలేదు. నేను ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కల టీచరుని. తొమ్మిది ఎన్నికల్లో డ్యూటీ పడింది. కాగితం ఓట్ల రోజుల్లో నాలుగుసార్లు లెక్కింపు బల్ల దగ్గర కూర్చున్నాను. ఎవరిదో ఒక ఓటు మీద కుంకుమ బొట్టు ఉంటే, ఓటరు ఆనవాలు తెలుస్తోందని చెల్లనివాటిలో వేయించింది నేనే.

ఆ శనివారం అది ఓటు వేసి, లోపలి కవరులో పెట్టి అంటించి, చలికోటు తెచ్చుకుంటానని మేడమీదికి వెళ్ళింది. దాని ప్రతి హాల్‌టికెట్టుకూ పెట్టినట్టే ఆ కవరు నాలుగు మూలలా పసుపు పెట్టాను. అడిగితే వద్దంటుందని అడగలేదు. దాన్ని పై కవరులో దూర్చి నేనే అంటించాను. “పోస్టు చేసి రా, తల్లీ” అన్నాను. “థాంక్స్, అమ్మమ్మా” అని నా బుగ్గ మీద ముద్దుపెట్టి వెళ్ళింది.

నవంబరు 14, గురువారం సాయంత్రం ఆరున్నరకు కాలేజీ నుంచి వచ్చి, తడిసిన కోటు విప్పకుండానే వాళ్ళమ్మకి ఫోను చూపించింది. లోపలి కవరు మీద గుర్తులు ఉన్నందువల్ల ఓటు లెక్కించలేదని అందులో ఉంది.

“నేనేం మార్క్స్ పెట్టలేదు. రూల్స్ మూడుసార్లు చదివా. పెన్ను తగిలిందా, మమ్మీ?”

“ఊరుకోవే. అక్కడ తేడానే లక్ష పైన. నీ ఒక్క ఓటుతో ఏమయ్యేది?” అంది మా అమ్మాయి.

“బట్ ఇట్ వాజ్ మైన్.”

అది తన వేళ్ళు తిప్పి చూసుకుంటోంది. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పిల్ల మాత్రం తప్పు తనదేననుకుంటూ ఉండిపోతుంది. స్టవ్ ఆపాను.

“నేనే పెట్టానే. పసుపు. నాలుగు మూలలా.”

అది నావైపు తిరిగింది. “యూ కౌంటెడ్ వోట్స్, అమ్మమ్మా. నీకు తెలుసు కదా.”

“కవరు మీదే కదా, లోపలి ఓటు కాగితం మీద కాదుగా అనుకున్నాను” అన్నాను. పిల్లలెవరైనా ఇలాంటి జవాబు రాస్తే సున్నా వేసేదాన్ని.

“ఇట్స్ గ్రాండ్” అంది, ఫరవాలేదులే అన్నట్టు. ఈ దేశంలో ఆ మాటతో ఏ సంభాషణనైనా ముగించవచ్చు. మెట్లెక్కి వెళ్ళి తలుపు వేసుకుంది.

కోప్పడలేదు. పెట్టిన అన్నం తింటుంది, పలకరిస్తే పలుకుతుంది. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం కాగితాలు పట్టుకుని కిందికి దిగదు. 2025 అక్టోబరు 24, శుక్రవారం, ఇక్కడి ప్రెసిడెంటు ఎన్నిక. ఇక్కడ రాష్ట్రాలు లేవు, దేశమంతా ఒకటే లెక్క. ఆ ఏడాదే దానికి ఇక్కడి పౌరసత్వం వచ్చింది. పొద్దున్నే ఒక్కతే వెళ్ళి ఓటు వేసి వచ్చింది. ఆ సంగతి నాకు వాళ్ళమ్మ చెబితే తెలిసింది.

ఆ శుక్రవారానికి పోయినవి ఇవి. పెన్సిల్వేనియాలో ఓటు, ఒకటి. నాకు చూపించకుండా పంపిన ఫారాలు, నాకు తెలిసినంతవరకు, మూడు. ఆదివారాలు, నలభై తొమ్మిది.