చంద్రవదన స్నోకు తుకుం నుంచి కార్డు

సుదర్శన్‌కు ఒకే ఒక్క జబ్బు. డెబ్భై ఏళ్ళ కిందట పత్రికల్లో పడ్డ ప్రకటనలకు ఇవాళ జవాబు రాస్తాడు.

అదీ ఎంతో మర్యాదగా, పోస్టుకార్డు మీద. "అయ్యా, 1955 మార్చి సంచికలో మీ ప్రకటన చూచితిని. కార్డు వ్రాయువారికి కేటలాగు ఉచితముగా పంపెదమంటిరి. వ్రాయుటలో కొంచెము ఆలస్యమైనది, మన్నించగలరు." కింద తుకుం, చంద్రపూర్ అని చిరునామా, పిన్‌కోడ్‌తో సహా. డ్యూటీకి పోతూ పోతూ డబ్బాలో వేస్తాడు. ఆయన ఊర్జానగర్ కరెంటు కేంద్రంలో నీళ్ళు పరీక్ష చేసే కెమిస్టు. బొట్టు నీటిలో ఉప్పెంతో చెప్పగల మనిషికి ఆ కంపెనీలు ఎప్పుడో మూతపడ్డాయని తెలియదా? తెలుసు. "ఉంటే?" అంటాడు.

కార్డులు ఎంత శ్రద్ధగా వెళ్తాయో అంత శ్రద్ధగానూ తిరిగొస్తాయి. పోస్ట్‌మ్యాన్ బాపురావు గేటు దగ్గర సైకిలాపి, "సాహెబ్, హే పణ్ పరత్" అంటాడు, ఇదీ వాపసేనని. ఇప్పటికి నూట నలభై కార్డులు అట్లా వాపసొచ్చాయి. సుదర్శన్ వాటిని తేదీల ప్రకారం దారంతో కట్టి దాచుకుంటాడు.

ఇదంతా భద్రావతిలో పాత కాగితాలు కొనే ఒక రద్దీ దుకాణంలో మొదలైంది. ఎవరో తెలుగు ఆఫీసరు క్వార్టరు ఖాళీ చేస్తూ పాత తెలుగు వారపత్రికలు మూటగట్టి అమ్మేశాడు. అవి సుదర్శన్ కంటపడ్డాయి. కథలు, సీరియళ్ళు పక్కన పెట్టి ప్రకటనలు కత్తిరించి అద్దాలు కట్టించాడు. ఆరు నెలల్లో ఇంట్లో గోడ అన్నది కనపడకుండా పోయింది.

ఆ ప్రకటనలు చూస్తే ఎవరికైనా మతి పోతుంది. ఒకదాంట్లో మెడలో స్టెతస్కోపు వేసుకున్న డాక్టరు హాయిగా సిగరెట్టు కాలుస్తూ, "గొంతు గరగరకు నేను వాడునది ఇదియే" అంటాడు. ఇంకొకదాంట్లో తాతగారు సూటులో, కోడలు పట్టుచీరలో, ఇంటిల్లిపాదీ వరసగా కూర్చొని రేడియో మొహంలోకి చూస్తుంటారు. పక్కింటి ప్రతిభ దాన్ని చాలాసేపు చూసి, "వహినీ, ఇందులో బొమ్మ ఎక్కడ వస్తుంది?" అని ఇంటావిడను వదిన వరస కలిపి మరాఠీలో అడిగింది. మూడోదాంట్లో ఒక తల్లి చిరునవ్వుతో ఉయ్యాల మీద పురుగుల మందు కొడుతుంటుంది. "నల్లులకు మృత్యువు! పాపకు నిద్ర!" అని దాని కింద. ఇప్పుడైతే పోలీసులొస్తారని ప్రతిభ చెంపలు వేసుకుంది.

వచ్చినవాళ్ళందరూ నవ్వేవాళ్ళు. నవ్వు రానిది ఒక్క ఝాన్సీలక్ష్మికే, సుదర్శన్ భార్యకు.

ఆమె తాతల కాలం నుంచీ వాళ్ళది చంద్రపూరే. తండ్రికి బజార్లో బట్టల దుకాణం ఉండేది. చదువంతా మరాఠీలో. మరాఠీ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అక్షరం వదలకుండా నమిలేస్తుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది. చదవడం మాత్రం రాదు. సుదర్శన్‌ది మంచిర్యాల. అత్తగారింట్లో అందరూ తెలుగు చదివినవాళ్ళు. అందుకని పెళ్ళయిన నాటి నుంచి ఎవరు ఏ కాగితం చేతికిచ్చినా, "కండ్లద్దాలు కానొస్తలెవ్వు, మీరే సదువుండ్రి" అనేది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. అద్దాలు కనపడకపోవడం కాదు, అసలు లేవు. ఆ అబద్ధాన్ని ముప్పై ఏళ్ళుగా ఒంటిచేత్తో మోస్తోంది.

గోడల మీదివన్నీ సుదర్శన్ చదివి వినిపించేవాడు, ఒక్కో మాట కింద వేలు పెట్టి, బడిలో పంతులులా. మొదట్లో స్టవ్వు పైన "మంచి కాఫీ" అని రెండే మాటలున్న ముక్క ఉండేది. నెల తిరిగేసరికి అక్కడికి ఇంకాస్త పెద్దది వచ్చేది. అన్నం తింటూ తింటూ, "ఝాన్సీ, గా రెండో లైన్ల ఏమున్నదో చూడు, నా అద్దాలు యాడ వెట్టిన్నో" అనేవాడు. అవి ఆయన నెత్తి మీదే ఉండేవి. ఆమెకు విని విని కంఠతా వచ్చేసింది కాబట్టి గోడ వైపు చూసినట్టు చూసి గడగడా ఒప్పజెప్పేది.

భీమరస టానిక్ ఆమెకు మరీ కారం. "సన్నగా ఉన్నారా? నలుగురిలో తల ఎత్తుకోలేకున్నారా? ఇరువది దినములలో పది పౌనులు పెరుగుట తథ్యము!" అని అందులో ఉంది. పొద్దున్నే నడకకు పోయి చెమటలు కక్కుతూ వచ్చిన మనిషికి ఎదురుగా అదే.

"ఇరవై ఏండ్ల సంది నడుస్తున్న, కిలో తగ్గలె. గీనికేమో పెంచుడు కావాలెనంట!"

"ఉండు, కార్డు రాస్త" అని సుదర్శన్ అప్పటికప్పుడు రాసేశాడు. "అయ్యా, మీ టానిక్కుకు విరుగుడున్నచో తెలుపగలరు. మా ఇంట అవసరమున్నది."

ఆ రోజు అప్పడాల కర్ర వంటింట్లోంచి వరండా దాకా ఎగిరొచ్చింది.

ఇవన్నీ ఆమె భరించింది. భరించలేకపోయింది ఒక్కదాన్నే, చంద్రవదన స్నో పిల్లను. భోజనాల బల్ల ఎదురుగా ఉంటుంది. నుదుటి మీద ఒక్క ముంగురు, ముక్కుకు పుడక, గడ్డం కింద వేలు, ఓరచూపు. "మీ వారు ఇంటికి ఆలస్యముగా వచ్చుచున్నారా? లోపము వారియందు లేదు. మీ మోమునందున్నది!" అని కింద రాసి ఉంది.

మొదటిసారి విన్నప్పుడు ఝాన్సీలక్ష్మి అడిగింది. "మరి గీమె మొగడు యాళ్ళకే వస్తుండా?"

"బొమ్మల ఆయన లేడు గదా."

"గందుకే నవ్వుతుంది."

ఆదివారం ఆదివారం సుదర్శన్ ఆ అద్దం మీద "హా" అని ఊది మెత్తని గుడ్డతో తుడిచేవాడు. డాక్టరును తుడవడు, తాతగారిని తుడవడు, పురుగుల మందు తల్లిని అసలే తుడవడు. "నన్నెన్నడన్న గంత పైలంగ చూసినవా?" అని ఆమె లోపల లోపల ఉడికిపోయేది. కుళ్ళు, ఒట్టి కుళ్ళు. కాగితం మీది మనిషి మీద కుళ్ళుకుంటున్నానని ఆమెకూ తెలుసు, అందుకే ఎవరికీ చెప్పుకోలేదు. ఒకరోజు మాత్రం సాయంత్రం స్నానం చేసి, ముంగురు ఒకటి లాక్కొని, గడ్డం కింద వేలు పెట్టుకొని, ఓరగా చూస్తూ కూర్చుంది. డ్యూటీ నుంచి వచ్చిన సుదర్శన్ చెప్పులు విప్పుతూ ఆగిపోయాడు.

"ఏమైంది ఝాన్సీ, పన్ను నొస్తుందా?"

ఇట్లా ఉండగా ఒక మధ్యాహ్నం గేటు దగ్గర సైకిల్ బెల్లు ఆగకుండా మోగింది. బాపురావు రెండు చేతులూ ఎత్తి అరుస్తున్నాడు. "మేడమ్, ఆలా! జవాబ్ ఆలా!" జవాబు వచ్చిందట. నూట నలభై కార్డులు మోసిన మనిషి, ఆనందం ఆయనదే. చేతిలో లేత నీలం కవరు. రాత గుండ్రంగా, పొందికగా ఉంది. చదవడం రాకపోయినా అది ఆడవాళ్ళ రాతేనని ఝాన్సీలక్ష్మి ఒక్క చూపులో తేల్చేసింది.

సుదర్శన్ వచ్చి, నిలబడే చదివాడు. నవ్వుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏమొచ్చింది?"

"కేటలాగు."

"ఒక్క కాయితమేనా?"

"చిన్న కంపెనీ."

తర్వాత పదిహేను రోజులకొకటి చొప్పున ఇంకో రెండొచ్చాయి. సుదర్శన్ కార్డులు మానేసి కవర్లలో రాయడం మొదలుపెట్టాడు. కార్డులో పట్టనంత ముచ్చట ఏముంటుంది? ఝాన్సీలక్ష్మికి ముద్ద దిగడం మానేసింది. ఊర్జానగర్‌లో తెలుగు చదివేవాళ్ళు బోలెడంత మంది ఉన్నారు. కానీ ఎవరిని అడిగినా తనకు చదువు రాదని బయటపడుతుంది, ఇంటి గుట్టు బజార్న పడుతుంది. కూతురు ప్రణీత నాగపూర్‌లో ఉద్యోగం చేస్తోంది, ఆ పిల్లకూ తెలుగు మాటే గాని రాత రాదు. ఎటూ తోచక ప్రతిభకొక్కదానికే చెప్పుకుంటే, ఆమె ఫోను పట్టుకొచ్చింది. కాగితానికి చూపిస్తే మరాఠీలోకి మార్చేస్తుందట. ఆ చేతిరాతను ఫోను కాసేపు చూసి, "మంత్రిగారి మేకకు నీడ లేదు" అని చెప్పింది.

ఇక మిగిలింది గోడలే.

సుదర్శన్ డ్యూటీకి పోగానే బీరువాలోంచి మూడో ఉత్తరం తీసింది. గోడల మీద ఏ మాట ఎక్కడుందో ఆమెకు కంఠతా. ఉత్తరంలో ఒక అక్షరం పట్టుకోవడం, దాంతో ఇల్లంతా తిరిగి ఎక్కడుందో వెతకడం. "మ" కాఫీలో దొరికింది. "ర" రేడియోలో, "భీ" టానిక్‌లో. "చం" దొరకబుచ్చుకోవడానికి ఆ స్నో పిల్ల ముందే నిలబడాల్సి వచ్చింది. మొహం పక్కకు తిప్పుకొని అక్షరం మాత్రం తీసుకుంది. రెండుసార్లు పప్పు మాడింది. మూడో రోజుకు అక్షరాల కోసం లేవడం తగ్గింది. నాలుగో రోజు మధ్యాహ్నానికి మొదటి పేజీ పూర్తయింది, ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

సుదర్శన్ ఇంట్లో అడుగు పెట్టీ పెట్టకముందే కాగితం మొహానికి అడ్డంగా పట్టుకుంది.

"'సుదర్శన్ గారూ, మీ ఉత్తరం కోసం రోజూ గుమ్మం వైపు చూస్తున్నాను!' గుమ్మం వైపు! 'నా బొమ్మను ఇన్నేళ్ళ తర్వాత గోడకు పెట్టుకున్న మగవాడు మీరొక్కరే. మీవంటి వారు మా రోజుల్లో ఉంటే ఎంత బాగుండేది!' ఏందయ్యా ఇది? ముప్పై ఏండ్లు నీ ఇంట్ల వండివెట్టిన. గీ వయసుల గిదేం పని?"

సుదర్శన్ మొహం పాలిపోయింది. "ఎవలు చదివిండ్రు నీకు?"

"ఎవలో ఎందుకు చదువుతరు? నేనే చదివిన!"

అన్నాక గానీ ఆమెకు తెలియలేదు, ఏమన్నదో. సుదర్శన్ నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళల్లో నీళ్ళు.

"నువ్వే చదివినవా? మొత్తం? ఎవలు చెప్పకుంట?"

"మాట మార్చకు!"

"మార్చుతలేను. రెండో పేజీ గూడ చదువు ఝాన్సీ. నీకు దండం వెడ్త, గట్టిగ చదువు."

ఆమె చదివింది. ఆగి ఆగి, మధ్యమధ్య గోడ వైపు చూసుకుంటూ.

"'నాకు ఎనభై ఏడు. పళ్ళు లేవు. పదిహేడో ఏట మా మామయ్య స్నో అమ్ముకోవడానికి నన్ను కూర్చోబెట్టి ఫొటో తీయించాడు. ఆ స్నో నేను ఒక్కరోజూ రాసుకోలేదు, మొహం మండేది. ఆ కంపెనీ నడిచిన ఇంట్లోనే ఇప్పుడు నేనుంటున్నాను, మీ కార్డు అందుకే నాకు చేరింది. తర్వాత ముప్పై అయిదేళ్ళు బళ్ళో తెలుగు చెప్పాను. మీ ఆవిడకు గోడల మీద చదువు చెబుతున్న పద్ధతి నాకు నచ్చింది. అడగవద్దు, పరీక్ష పెట్టవద్దు. పెద్దవాళ్ళకు సిగ్గెక్కువ. ఈసారి స్టవ్వు దగ్గర పొడుగు వాక్యాలున్నది పెట్టండి. ఆమె సొంతంగా చదివిన రోజు నాకు తప్పక రాయాలి. అందుకే గుమ్మం వైపు చూస్తున్నాను.'"

ఆమె ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టింది.

"నీకు ఎప్పటిసంది తెలుసు?" అని అడిగింది ఝాన్సీలక్ష్మి.

"పెండ్లిల నువ్వు లగ్గం పత్రిక తలకిందులు వట్టుకున్నప్పటిసంది. ఎవరింట్ల శుభలేఖ వచ్చినా నువ్వు వంటింట్లకు ఉరుకుతుంటివి. నాకు పానం గిలగిల కొట్టుకునేది. నేర్పిస్త అంటే చిన్నవోతవని ఊకున్న."

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ముప్పై ఏళ్ళ బరువు దిగిపోయి ఒళ్ళు తేలికయింది. ఆయన చెయ్యి పట్టుకుంది. అంతలో ఏదో గుర్తొచ్చి చెయ్యి వదిలేసింది.

"మరి ఆదివారం ఆదివారం ఆమెను తుడుసుడేంది? అది గూడ చదువేనా?"

సుదర్శన్ నీళ్ళు నమిలాడు. "అది... ఊకెనే. జర మంచిగున్నదని."

ఝాన్సీలక్ష్మి మరుక్షణం లేచి ఆయన ఖాళీ కార్డుల కట్టలోంచి ఒకటి లాగింది. చేయి అడ్డం పెట్టుకొని, రెండు గంటలు చెమటోడ్చి తన జన్మలో మొదటి తెలుగు ఉత్తరం రాసింది. "అమ్మా, నేను ఝాన్సీలక్ష్మిని. చదువుడు వచ్చింది. నీకు దండాలు. మా ఆయనకు ఇంక ఉత్తరాలు రాయకు. రాసేదుంటే నాకు రాయి. ముక్కుపుడక యాడ చేపిచ్చినవో గూడ చెప్పు." అక్షరాలు కొన్ని తూర్పుకు, కొన్ని పడమరకు వాలాయి. సుదర్శన్ చూసి ఒక్క తప్పూ దిద్దలేదు. నోరు మూసుకొని డబ్బాలో వేసి వచ్చాడు.

పన్నెండో రోజున నీలం కవరు వచ్చింది. ఆ రోజు సుదర్శన్‌కు సెలవు. గేటు దాకా ఉరికి చెయ్యి చాపాడు. బాపురావు కవరు వెనక్కి లాక్కున్నాడు. "తుమ్చ నాహీ సాహెబ్. మేడమ్‌చ." మీది కాదు, మేడమ్‌దని.

మేడమ్ తన కవరు తీసుకొని వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. లోపలి నుంచి ముందు గొణుక్కుంటూ చదవడం, తర్వాత కిసుక్కుమనడం, ఆ తర్వాత పడీ పడీ నవ్వడం వినిపించాయి. సుదర్శన్ తలుపు ముందు మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు.

"ఏం రాసింది?"

"నీకు గాదు."

"నా గురించేనా?"

"మొత్తం నీ గురించే" అని ఇంకా గట్టిగా నవ్వింది.

సుదర్శన్ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ఎనభై ఏడేళ్ళ పంతులమ్మను చూసి, అదీ సొంత పెళ్ళాం విషయంలో, కుళ్ళుకునే మొగుడు తుకుం మొత్తం గాలించినా ఇంకొకడు దొరకడు.